చర్చ: ముద్రలో 8 అని ఉంది, తైషో 8నా, షోవా 8నా?

ఒసాకా_వాసి:
క్యోటోలో తోజి గుడి దగ్గర ప్రతి నెలా 21న జరిగే సంతలో పాత జపాన్ పోస్టుకార్డుల ఆల్బమ్ ఒకటి దొరికింది. మొత్తం 60 కార్డులు. కొన్ని ఉంచుకుని మిగతావి అమ్ముదామని. ఒక దానిమీద కామకురా పెద్ద బుద్ధుడి ఫొటో, వెనక ఒకటిన్నర సెన్ (యెన్‌లో నూరో వంతు సెన్) స్టాంపు, పోస్టు ముద్రలో 8.8.3. 1908 అని రాసి అమ్మకానికి పెట్టొచ్చాండీ?

పాతకాగితం:
వద్దండీ, అది 1908 కాదు. ముద్రలో మొదటి అంకె చక్రవర్తి శకం సంవత్సరం, చక్రవర్తి మారితే లెక్క మళ్లీ ఒకటి నుంచి. తైషో అయితే 1911 కలపాలి, అంటే 1919. షోవా అయితే 1925 కలపాలి, 1933. తైషోకి ముందరి శకం మెయిజీ 8 అయ్యే అవకాశమే లేదు, ప్రైవేటు బొమ్మల కార్డులకు అనుమతి వచ్చిందే 1900లో. స్టాంపు కూడా తేల్చదు, 1899 నుంచి 1937 దాకా దేశంలో కార్డు పంపే రుసుము అదే ఒకటిన్నర సెన్.

చిరునామా వైపు చూడండి. అడ్రసుకీ ఉత్తరానికీ మధ్య గీత లేకపోతే 1907కి ముందుది. గీత మూడో వంతు దగ్గరుంటే 1907–18. సరిగ్గా సగంలో ఉంటే 1918 తర్వాతది. ఇక పైన అచ్చైన 'యూబిన్ హకాకి' (పోస్టుకార్డు) అనే మాట కుడి నుంచి ఎడమకి చదవండి. 1933 నుంచి అది 'హగాకి' అయింది, నడిమి అక్షరం భుజాన రెండు బుల్లి గీతలు చేరాయి. నాకు ఆ రెండు గీతలు కనబడ్డ రోజు నుంచి కార్డు చేతికొస్తే ముందు వెనక్కే తిప్పుతాను.

ఒసాకా_వాసి:
భూతద్దం పెట్టి చూశా. గీత సగంలో ఉంది. రెండు బుల్లి గీతలూ ఉన్నాయి!

పాతకాగితం:
అయితే 1933 ఆగస్టు 3. మాట మారిన ఏడాదే పోస్టయిన కార్డు. అమ్మొద్దనే నా సలహా.

గోదారిగట్టు:
మిగతావి అమ్మేటప్పుడు గుత్తగా మాత్రం ఇవ్వకండి. నేను వంద కార్డులు కలిపి అమ్మేశాక, అందులోని హకోదాతే కార్డుల కోసమే ఒకాయన రాశారు. కొనేవాళ్లు ఎక్కువమంది వాళ్ల ఊరు వెతుక్కుంటారు. ఊరి పేరు జపనీస్ లిపిలో కూడా రాసి, రెండు వైపులా స్కాన్ పెట్టండి. పంపేటప్పుడు కార్డుకన్నా పెద్ద అట్టలు రెండు వేయండి. నా మొదటి పార్సెల్లో మూల మడత పడి డబ్బు వాపసు ఇచ్చాను.

ముత్యాలు:
రంగుల కార్డుల్ని కూడా భూతద్దంతో చూడండి. చేత్తో అద్దిన రంగు అంచులు దాటుతుంది, కిమోనో ఎరుపు చేతిమీదికి పాకుతుంది. వరుసగా రంగు చుక్కలు కనబడితే అది అచ్చు. చూడకుండా ఒకసారి మూడింతలు పెట్టి కొన్నాను, ఇప్పటికీ బాధే.

ఒసాకా_వాసి:
పన్నెండు కార్డులు ఆల్బమ్‌కి జిగురుతో అతుక్కుపోయాయి. ఆవిరి పట్టనా?

పాతకాగితం:
వద్దు వద్దు! చేత్తో అద్దినవి నీటి రంగులు, చెమ్మ తగిలితే కారిపోతాయి. లాగితే వెనక కాగితం చిరిగి ముద్ర పోతుంది. ఆల్బమ్ అట్టనే కార్డు చుట్టూ కత్తిరించి, అట్టతోనే ఉంచండి. పీవీసీ కవర్లలో పెట్టకండి, పాలీప్రొపిలీన్‌వి తీసుకోండి.