సమస్య: "ఎండ లేక కడలి కేడ యలలు"

కందుకూరు మాష్టారు: ఈ వారం ఆటవెలది. నాలుగో పాదం నాది, పై మూడూ మీవి. రాత్రిళ్ళు కూడా అలలు కొడతాయి కదా అనేవాళ్ళు ఆ మాట పద్యంలో అనండి. యతి తప్పినా, సైన్సు తప్పినా మొహమాటపడను.

కావలి అక్క:
నేల కాగి కాగి నింగి కెగసె గాలి
చోటు నింప వచ్చెఁ జోరు గాడ్పు
రాచి నీటి మీద రాపిడి నలలేపె
ఎండ లేక కడలి కేడ యలలు

మాష్టారు: గణాలు శుభ్రం. "రాపిడి" సరిగ్గా పడింది తల్లీ. గాలి రాసుకుంటే ముందు నీటి మీద సన్నని ముడతలు లేస్తాయి. ఆ ముడతలు దొరికాక గాలికి పట్టు చిక్కుతుంది, అక్కడినుంచి అల పెరుగుతుంది. ఎంత జోరుగా, ఎంతసేపు, ఎంత దూరం నీటి మీద వీచిందన్న దాన్నిబట్టే ఎత్తు. ఎత్తు రెట్టింపైతే అలలో శక్తి నాలుగు రెట్లు.

కొత్తపట్నం తమ్ముడు: మొదటి పద్యం, టెన్షన్‌గా ఉంది సార్.
దూర మందు పుట్టి తోయమ్ము నడచుచు
వచ్చి తాకె నేడు తీరభూమి
గాలి తోడ్పడంగ కదలెను నీరంత
ఎండ లేక కడలి కేడ యలలు

మాష్టారు: రెండో పాదంలో "వ"కి "తీ" యతి కుదరదు. అంతకన్నా పెద్ద తప్పు, నీళ్ళన్నిటినీ నడిపించావు! సముద్రం దగ్గరుండి కూడా ఇట్టా రాస్తే ఎట్టా అబ్బాయ్? వల వేసినప్పుడు బెండ్లు చూడు. ఒడ్డుకు దూరంగా అల కిందనుంచి పోతుంటే బెండు పైకి లేచి, కాస్త ముందుకూ వెనక్కీ ఊగి, ఇంచుమించు మళ్ళీ అక్కడికే వస్తుంది. నీటి బొట్టూ అంతే, గుండ్రంగా తిరుగుతుంది. ముందుకు పోయేది శక్తి. ఒడ్డున అల విరిగినప్పుడు మాత్రం నీరు నిజంగానే ఎగబాకుతుంది, అది వేరే కథ. ఇట్టా సవరించాను:
దూర మందు గాలి తోసిన బలమంది
వచ్చి యలయె తాకె వాడరేవు
నీటి బొట్టు తిరిగి నెలవునే చేరెను
ఎండ లేక కడలి కేడ యలలు

కావలి అక్క: వాడరేవు బాపట్ల జిల్లాకు పోయింది మాష్టారూ!

మాష్టారు: 2022 దాకా ప్రకాశమే కదమ్మా. యతికి జిల్లా పట్టింపు లేదు.

ఉలవపాడు మామిడి:
భూమి లోన పలక పొరలి కడలి లేవ
ఊరి గట్టు దాటి యుప్పు నీరు
వచ్చె నెట్టు లంటి వల్లమాలిన మాట
"ఎండ లేక కడలి కేడ యలలు"

మాష్టారు: శభాష్! నా పాదాన్నే ప్రశ్న చేసి నాకు అప్పజెప్పారు. 2004 డిసెంబరు 26 సునామీకి ఎండతో పని లేదు. సుమత్రా దగ్గర భూమి పైపొర పలకల మధ్య ఏళ్ళ తరబడి బిగుసుకున్న ఒత్తిడి ఒక్కసారి విడిపోయి, సముద్రపు అడుగే లేచింది. పలకల్ని కదిలించేది భూమి లోపలి వేడి. నడిసంద్రంలో ఆ అల ఎత్తు మీటరు కూడా ఉండదు, పడవలో వాళ్ళకు తెలియదు. కానీ పైనుంచి అడుగు దాకా మొత్తం నీరూ కదులుతుంది, అందుకే ఒడ్డున అంత దెబ్బ. పోటుపాట్లూ మీ పక్షమే, వాటిలో పెద్ద వాటా చంద్రుడిది.

కొత్తపట్నం తమ్ముడు: అయితే గాలి లేని రాత్రి అలలు ఎక్కడివి సార్?

మాష్టారు: ఎక్కడో హిందూ మహాసముద్రం దక్షిణాన తుఫాను గాలి లేపినవి, రోజుల తరబడి నడిచి వస్తాయి. ఇక్కడ గాలి ఆగినా అవి ఆగవు.

ఇందుకూరుపేట రొయ్యలాయన:
నాటి యెండ బొగ్గు నడిరేయి విద్యుత్తు
చెరువు నీట రెక్క చిలుకు నురగ
రొయ్య బతుకు కూడ రుణమాయె భానుకే
ఎండ లేక కడలి కేడ యలలు
"కరెంటు" అని రాస్తే గణం ఒప్పుకోలేదు, లేకపోతే అదే పెట్టేవాణ్ణి.

మాష్టారు: రొయ్యల చెరువు నీటికి గాలి కలిపే ఏరేటర్ రెక్కను పద్యంలోకి తెచ్చింది మీరొక్కరే. ఆ రెక్క ఆగిన కాసేపటికే చెరువులో అలలు సద్దుమణుగుతాయి, చూసే ఉంటారు. కృష్ణపట్నం కరెంటు ప్లాంటులో కాలే బొగ్గు కోట్ల ఏళ్ళనాటి చెట్లు దాచుకున్న ఎండే కాబట్టి మొదటి పాదానికి ఢోకా లేదు. అయితే చెరువు నుంచి కడలికి దూకడం కొంచెం అతుకు. మూడో పాదంలో సముద్రాన్ని ఒక్క మాటైనా తలిస్తే బాగుండేది. నా ఓటు మాత్రం ఉలవపాడుకే.

వచ్చే వారానికి తేటగీతి: "గంట కొట్టిన వినరాదు గదిని మనకు". గాజు పాత్రలో గంట పెట్టి గాలి తోడేసిన ప్రయోగం గుర్తున్నవాళ్ళకు సులువే. శనివారం లోపు పంపండి.