నేను బోరింగా, బోర్డా?

అన్నలకి, అక్కలకి నమస్తే. మాది రాజాం దగ్గర పల్లె. ఎమ్మెస్ చదవడానికి టెక్సాస్ వచ్చి మూడు వారాలైంది. నిన్న ల్యాబ్‌లో వీకెండ్ ఎలా గడిచిందని అడిగితే "ఐ వాజ్ వెరీ బోరింగ్" అన్నాను. ఒక్క క్షణం ఆగి అందరూ నవ్వారు. తప్పేటో ఎవరూ చెప్పలేదు. అప్పట్నుంచి నోరు తెరవాలంటే టెన్షన్. పదో తరగతి వరకు తెలుగు మీడియమే. ఈ విశేషణాలు ఎలా దారికొస్తాయి?

— రాజాం అమ్మాయి

చెల్లీ, మాది శ్రీకాకుళం, ఇక్కడికొచ్చి పదహారేళ్లు. నువ్వన్నదానికి "నేను పక్కవాళ్లకి విసుగు పుట్టించే మనిషిని" అని అర్థం. అందుకే నవ్వారు. మనం "నాకు బోర్ కొట్టింది" అంటే ఆ "కు" ఒక్కటే ఎవరికి కొట్టిందో చెప్పేస్తుంది. ఇంగ్లిష్‌లో ఆ "కు" లేదు, బరువంతా విశేషణం తోక మీద పడుతుంది. తెలుగులో "నాకు" వచ్చే చోట చివర "డ్" పెట్టు: బోర్డ్, టైర్డ్, కన్ఫ్యూజ్డ్. నిన్ను అలా చేసినదానికి "ఇంగ్": బోరింగ్ వీకెండ్, టైరింగ్ ప్రయాణం, కన్ఫ్యూజింగ్ లెక్చర్.

"మోర్ బెటర్" కూడా ఈ కోవలోదే. మనకి "పెద్ద" ఎప్పుడూ పెద్దే. మిగతా పని "కంటే", "ఇంకా" చూసుకుంటాయి. ఇంగ్లిష్‌లో మాటే మారిపోతుంది. గుడ్ కాస్తా బెటర్ అయ్యాక "ఇంకా" అందులోనే ఉంది. చీప్ లాంటి పొట్టి మాటలకి వెనక తోక, ఎక్స్‌పెన్సివ్ లాంటి పొడుగు మాటలకి ముందు మోర్, రెండూ కలపకు. ఆ "కంటే" అలవాటుతోనే "సీనియర్ దాన్ మీ" అనేస్తాం, అక్కడ "టు" రావాలి. "హాట్ హాట్ కాఫీ" అన్నా వాళ్లకి అర్థమవుతుంది, బెంగపడకు. వేడివేడిగా అనడంలోని సుఖం వాళ్లకేం తెలుసు!

అర్థం తిరగబడే మాటలే ప్రమాదం. నేనొచ్చిన మొదటి ఏడాది ఆఫీసులో ఒకాయన తన భార్య ఫొటో చూపించాడు. పెళ్లి ప్రకటనల్లో చదివిన మర్యాద మాటే కదా అని "షీ లుక్స్ సో హోమ్లీ" అన్నాను. ఆయన ఏమీ అనకుండా ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. సాయంత్రం డిక్షనరీ చూసి తల పట్టుకున్నాను. అమెరికాలో మనిషిని హోమ్లీ అంటే అందం లేదని! "ఐ హ్యావ్ ఎ డౌట్" కూడా తగ్గించు, నీ మాట నమ్మట్లేదు అన్నట్టు వినిపించొచ్చు. "క్వశ్చన్" చాలు.

మీడియం అంటావా, హైదరాబాద్ హాస్టల్లో "ఏటి" అన్నందుకే నన్ను నెలల తరబడి వెక్కిరించారు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు మన శ్రీకాకుళం వైపు వారే, ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. ఆ ముక్క అప్పుడు తట్టలేదు, తట్టుంటే అక్కడే అనేసేదాన్ని.

— శ్రీకాకుళం అక్క

నాది పలాస, ఉండేది ఇంగ్లండ్. అక్క చెప్పినదానికి ఇంకొకటి. మా మేనేజర్ నా రిపోర్టు మీద "క్వైట్ గుడ్" అని రాస్తే ఇంటికి స్వీట్లు తీసుకెళ్లాను. ఇక్కడ చాలామంది నోట అది "ఫర్వాలేదు" అన్నంతే. అమెరికా వాళ్లు అదే మాటంటే మాత్రం బాగా నచ్చినట్టే. నువ్వు అదృష్టవంతురాలివి, స్వీట్లు తినొచ్చు.

— పలాస అన్న

అక్కా, ఇంకొక్కటి. క్లాసులో ఇంటి నుంచి తెచ్చుకున్న వస్తువు గురించి రాయమన్నారు. నాన్న పంచె గురించి "వైట్ ఓల్డ్ బ్యూటిఫుల్ కాటన్ పొందూరు ధోతీ" అని రాశాను. వరస మార్చమన్నారు.

— రాజాం అమ్మాయి

మనం "పాత తెల్ల పంచె" అన్నా, "తెల్లటి పాత పంచె" అన్నా చెల్లుతుంది. వాళ్లకి క్యూ ఉంది: ముందు మన అభిప్రాయం, తర్వాత సైజు, వయసు, రంగు, ఊరు, చివర దేంతో చేశారన్నది. "ఎ బ్యూటిఫుల్ ఓల్డ్ వైట్ పొందూరు కాటన్ ధోతీ". పొందూరు ఖాదీ చేత్తో వడికిన నూలుతో నేస్తారని కూడా రాయి.

— శ్రీకాకుళం అక్క

రాశానక్కా. రాత్రి అమ్మ ఫోన్ చేసి "బోర్ కొడతందేటే?" అంది. "బోర్డ్ అనాలమ్మా" అన్నాను. "బోర్డేటి? ఏ బోర్డే?" అంది.

— రాజాం అమ్మాయి