ఆండ్రాయిడ్, ఐఫోన్ కాని ఫోన్లలో యాప్‌ల కరువు: మీరెలా నెట్టుకొస్తున్నారు?

కృష్ణఒడ్డు
సెకండ్ హ్యాండ్ ఫోను కొని, ఆండ్రాయిడ్ తీసేసి ఉబుంటు టచ్ అనే లినక్స్ సిస్టమ్ ఎక్కించాను. మూడు వారాలైంది, ఫోను హాయిగా ఉంది. కానీ నిన్న పెట్రోలు బంకులో నాలుగు వందలకి కొట్టించుకుని క్యూఆర్ ముందు నిలబడ్డాను. వేడ్రాయిడ్‌లో (ఇందులో ఆండ్రాయిడ్ యాప్‌లు నడిపించే ప్రోగ్రాం) పెట్టుకున్న బ్యాంకు యాప్ తెరుచుకుంది, కాసేపు గుండ్రంగా తిరిగింది, ఈ డివైస్‌లో పనిచేయదని చెప్పి మూసుకుపోయింది. జేబులో నూట ఇరవై ఉన్నాయి. వెనక బళ్లు హారన్లు కొడుతున్నాయి. మా ఆవిడకి ఫోన్ చేసి బంకు నంబరుకి వేయించాను. యూపీఐకి ఏదైనా దారి ఉందా? వాట్సాప్ ఎలా వాడుతున్నారు? తెలుగు కీబోర్డు ఏది బాగుంది?

లూమియా520
నీ బాధ నాకు బాగా తెలుసు తమ్ముడూ. 2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయినప్పుడు నా చేతిలో ఉన్నది లూమియా, మైక్రోసాఫ్ట్ వాళ్ల విండోస్ ఫోను. డిసెంబరు 30న ఆండ్రాయిడ్‌కి భీమ్ వచ్చింది, తర్వాత ఐఫోన్‌కి వచ్చింది. విండోస్‌కి రానేలేదు. ఆఫీసులో అందరూ టీ డబ్బులు ఫోన్‌లో కొట్టేస్తుంటే నేను మధ్యాహ్నం భోజనం మానుకుని ఏటీఎం లైన్లో నిలబడేవాణ్ణి. 512 ఎంబీ ర్యామ్‌తో వెన్నలా నడిచిన ఫోను అది. దాన్ని చంపింది గూగుల్. 2013లో విండోస్ ఫోన్‌కి మైక్రోసాఫ్ట్ చేసిన యూట్యూబ్ యాప్‌ని ఆపేసిన రోజే దాని పని అయిపోయింది.

బెజవాడబైట్
సగం కథ చెప్పకండి. ఆ మే నెలలో మైక్రోసాఫ్ట్ తెచ్చిన యాప్‌లో యాడ్స్ రావు, పైగా వీడియో డౌన్‌లోడ్ చేసుకునే బటన్. నాకు చిన్న వంటల ఛానల్ ఉంది. యాడ్ రాకపోతే నాకు రూపాయి రాదు. ఇంకొకరి కష్టాన్ని అలా తీసి ఇస్తే ఎవరు ఊరుకుంటారు?

లూమియా520
ఆగస్టులో డౌన్‌లోడ్ తీసేసి, యాడ్స్ పెట్టి మళ్లీ వదిలారు కదా! రెండు రోజులు కూడా ఉండనివ్వలేదు. యాప్‌ని హెచ్‌టీఎంఎల్5లోనే, అంటే వెబ్ పేజీలు రాసే భాషలోనే రాయాలని గూగుల్ వాళ్లు పట్టుబట్టారు. వాళ్ల సొంత ఆండ్రాయిడ్, ఐఫోన్ యాప్‌లు అలా లేవని మైక్రోసాఫ్ట్ అప్పుడే బయటపెట్టింది. జీమెయిల్ ఇవ్వలేదు, మ్యాప్స్ ఇవ్వలేదు. ఇది గొంతు నొక్కడం కాకపోతే ఏమిటి?

బెజవాడబైట్
నిబంధనలు ఒప్పుకున్నాక పాటించాలి. అంతే.

డెవ్_పన్నెండేళ్లు
ఇద్దరూ కాస్త ఆగండి. విండోస్ ఫోన్‌కి యాప్‌లు రాసి జీతం తీసుకున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. యూట్యూబ్ చిన్న విషయం. విండోస్ ఫోన్ 7కి సిల్వర్‌లైట్ అనే మైక్రోసాఫ్ట్ పద్ధతిలో రాశాం. 2012లో 8 వచ్చేసరికి లోపలి కెర్నలే, అంటే సిస్టమ్ గుండెకాయే మారిపోయింది, లూమియా 800, 900 లాంటివి 7.8 దగ్గర ఆగిపోయాయి. 2014లో 8.1కి పద్ధతి మారింది. 2015లో 10కి ఇంకోసారి. అదే యాప్‌ని అదే క్లయింటుకి మూడోసారి తిరగరాయాలని చెప్పడానికి వెళ్తే, మీ విండోస్ యూజర్లు ఎంతమంది అని అడిగాడు. నేను చెప్పిన అంకె విని ఫైలు మూసేశాడు. ఇన్‌స్టాగ్రామే 2013 నవంబరు దాకా రాలేదు, వచ్చింది కూడా బీటా. అంతవరకు రూడీ హుయ్న్ అనే డెవలపర్ ఒక్కడే కూర్చుని ఇన్‌స్టాగ్రామ్ కోసం రాసిన సిక్స్‌ట్యాగ్ యాప్‌తో జనం గడిపారు. జనం లేక యాప్ రాదు, యాప్ లేక జనం రారు.

బేగంపేట_బస్సు
2015 జులైలో నోకియా నుంచి కొన్న ఫోన్ల వ్యాపారం మీద 7.6 బిలియన్ డాలర్లు రైటాఫ్ చేసి (నష్టంగా రాసేసి), 7,800 ఉద్యోగాలు తీసేసిన మైక్రోసాఫ్ట్ సీఈవో, మన సత్య నాదెళ్ల గారి పేరెత్తరేం? హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన మనిషని గర్వపడ్డాం. ఆయన చేతుల మీదుగానే ఫోను పోయింది.

డెవ్_పన్నెండేళ్లు
ఆయన సీఈవో అయింది 2014 ఫిబ్రవరిలో. నోకియా బేరం కుదిరింది 2013 సెప్టెంబరులో, అంతకుముందు సీఈవో బాల్మర్ హయాంలో. తేదీలు చూసుకుని రాయండి.

బేగంపేట_బస్సు
తేదీలు నాకూ తెలుసు. పన్నెండేళ్లు కోడ్ రాసినంత మాత్రాన ఎదుటివాళ్లకి పాఠం చెప్పక్కర్లేదు. మా బావ ఉద్యోగం పోయిన కాలం అది. ఇంట్లో ఆ ఏడాది ఎలా గడిచిందో మాకు తెలుసు.

డెవ్_పన్నెండేళ్లు
మీ బావగారి సంగతి నాకు తెలియదు, క్షమించండి. తేదీల మాట మాత్రం వెనక్కి తీసుకోను.

పాలమూరుపిల్ల
మా అమ్మకి 2017 దసరాకి జియోఫోన్ కొన్నాం, 1,500 డిపాజిట్ కట్టి. అందులో ఉండేది ఆండ్రాయిడ్ కాదు, బటన్ ఫోన్ల సిస్టమ్ కైఓఎస్. మొదటి ఏడాది అందులో వాట్సాప్ లేదు. మా చెల్లి కూతురు పుట్టిన ఫొటోలు వదినల గ్రూపులో పడ్డాయి. అమ్మ పక్కింటికి వెళ్లి వాళ్ల ఫోన్‌లో చూసి వచ్చింది. 2018 సెప్టెంబరులో వాట్సాప్ రాగానే, ఆ బటన్లు ఒక్కోటి నొక్కుకుంటూ ‘బాగున్నవా బిడ్డా’ అని టైప్ చేయడానికి పది నిమిషాలు పట్టింది. ఆ మెసేజ్ ఇప్పటికీ దాచుకున్నా. ఆ ఒక్క యాప్‌తోనే ఆ ఫోను మా అమ్మకి ఫోనయింది. కంపెనీల గొడవ మీరు తేల్చుకోండి.

లూమియా520
అమ్మకి నమస్కారం చెప్పండి అక్కా. కానీ యూట్యూబ్ సంగతి...

రాత్రిడ్యూటీ
అన్నా, చాలు! అడిగినాయన బంకులో నిలబడి ఉన్నాడు, మీరు 2013లో కొట్టుకుంటున్నారు. కృష్ణఒడ్డు గారూ, బ్యాంకులో రిజిస్టరైన సిమ్‌ని ఒక బటన్ ఫోన్‌లో వేసి *99# కొట్టండి. నెట్ అక్కర్లేదు. ఒక్కోసారికి 5,000 దాకా పంపొచ్చు. క్యూఆర్ స్కాన్ కాదు, అవతలివాళ్ల నంబరో యూపీఐ ఐడీయో కొట్టాలి. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు తెచ్చిన 123పే కూడా బటన్ ఫోన్ల కోసమే. నేను రాత్రి క్యాంటీన్లో ఇలాగే కడతాను. వాట్సాప్‌కి మాత్రం బ్రౌజర్లో వెబ్ తెరవడమే, దానికి ఇంకో ఫోన్‌లో అకౌంట్ ఉండాలి.

డెవ్_పన్నెండేళ్లు
వేడ్రాయిడ్ మీద బ్యాంకు యాప్‌ల కోసం టైం పాడుచేసుకోకండి. ఫోను అసలైన ఆండ్రాయిడేనా అని గూగుల్ ద్వారా సరిచూసుకుంటాయి, అక్కడే ఆగిపోతాయి. బ్లాక్‌బెర్రీ 10లోనూ ఆండ్రాయిడ్ యాప్‌లు నడిచేవి. దాని కోసం విడిగా రాసేవాళ్లే కరువయ్యారు. విండోస్ 10 ఫోన్లలో కూడా ఆండ్రాయిడ్ యాప్‌లు నడిపించాలని మైక్రోసాఫ్ట్ ఆస్టోరియా అనే ప్రాజెక్టు మొదలుపెట్టి 2016 ఫిబ్రవరిలో మానుకున్నారు. అరువు యాప్‌లతో ఏ ఫోనూ నిలబడలేదు.

కృష్ణఒడ్డు
రాత్రిడ్యూటీ గారూ, థాంక్సండీ. పొద్దున అదే బంకుకి వెళ్లాను. బంకు కుర్రాడు నంబరు చెప్పాడు, మెనూలో 1, మళ్లీ 1, నంబరు, మొత్తం, పిన్. రెండు నిమిషాలు పట్టింది, మధ్యలో ఒకసారి సెషన్ పోయింది. కానీ డబ్బు వెళ్లింది, కుర్రాడి ఫోన్‌లో మెసేజ్ మోగింది. ఉబుంటు టచ్ తీసేయను. బటన్ ఫోను బండి డిక్కీలో పెట్టుకుంటాను. తెలుగు కీబోర్డు గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. మా నాన్నకి ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే అర్థం కాదు, దయచేసి వాడినవాళ్లెవరైనా చెప్పండి.