అప్‌డేట్: 22 అడుగుల వసారాకు 12 అడుగుల దూలాలు అతికించే పని అయిపోయింది

ప్రొద్దుటూరులో మా ఇంటి వసారాకు రేకులు వేయాలి, డిపోలో 12 అడుగులకు మించి టేకు దూలం దొరకడం లేదు, ఎలా అతకాలి అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. “అతుకు గాల్లో ఉండకూడదు, గుంజ నెత్తిన కూర్చోవాలి” అన్నదే పనికొచ్చింది. వడ్రంగి మేస్త్రీ కూడా చూడగానే అదే అన్నారు. నడుమ గుంజ నిలబెట్టి, రెండు దూలాల కొసలూ సగం మందం చెక్కి, ఒకదానిపై ఒకటి ఎక్కించి, సరిగ్గా గుంజ మీదే బోల్టులు బిగించారు. ఇప్పుడు ఒక్కో దూలం 11 అడుగులే దాటాలి, వంగుతుందన్న టెన్షన్ లేదు. బండి పెట్టడానికి గుంజ అడ్డమని నాన్న ఇంకా సణుగుతూనే ఉన్నారు. ఏ జిగురు మంచిదన్న చర్చ మాత్రం అక్కరకు రాలేదు. నడుమ గుంజ అసలే వద్దనుకునేవాళ్లకు ఇనుప గర్డరే దారి అన్నారు మేస్త్రీ.