తల్వార్ పిడి చిన్నదా, మనం పట్టే పద్ధతి తప్పా?

బెజవాడ_సాము: తల్వార్ అనే వంపు కత్తి పిడిలో నాలుగు వేళ్లు ఇమడటం లేదు. అడ్డపట్టీకీ కింది బిళ్ళకీ మధ్య 7.5 సెంటీమీటర్లే. మగవాడి అరచెయ్యి అడ్డంగా 8.5 దాకా ఉంటుంది. చేసినవాళ్లు చూసుకోలేదా?

అమరావతి_రోడ్: అప్పటివాళ్ల చేతులు చిన్నవండీ, అంతే.

కొండవీటి_డాలు: చేతుల సైజు మాట వదిలేయండి. చూపుడువేలు అడ్డపట్టీ మీదుగా ముందుకు వేసి, మిగతా మూడు వేళ్లతో పట్టండి, పిడి బిగుస్తుంది. చాలా తల్వార్లకి పిడి దగ్గర కాస్త మేర పదును పెట్టనిది అందుకే. మొనతో సూటిగా పొడవబోతే బిళ్ళ అంచు మణికట్టులో గుచ్చుకుంటుంది. ఇది మణికట్టుతో ఆడించే కత్తి కాదు. భుజంతో కొట్టి, తగిలిన క్షణంలో మోచెయ్యి వెనక్కి లాగాలి. వంపు వాదర, అంటే పదునైన అంచు, కోసుకుంటూ పోతుంది.

బెజవాడ_సాము: వేలు బయట పెడితే తెగదా? కత్తికి కత్తి అడ్డుపెడితే ముందు పోయేది ఆ వేలే.

కొండవీటి_డాలు: కత్తితో ఆపమని ఎవరన్నారు? ఎడమ చేతిలో డాలు దేనికి?

బ్రాడీపేట_4: రాయలవారు 1515లో కొండవీడు పట్టినప్పుడు ఇదే పిడా?

పల్నాటి_వాదర: కాదు, బిళ్ళపిడి మొఘలుల కాలంలో వ్యాపించింది. మణికట్టు ఆడించని కత్తి ఇదొక్కటే కాదు, పటా అనే కత్తి చూడండి, ముంజెయ్యంతా ఇనుప తొడుగే, మణికట్టు కదలనే కదలదు.

బెజవాడ_సాము: నా వేలి సంగతి తేలలేదు. మా పిల్లలు సంక్రాంతికి వేదిక మీద రెండు చేతులా కత్తులు తిప్పాలి. డాలు ఎక్కడ పట్టుకుంటారు? పాత కత్తుల పిడి కోసి, ఆటోనగర్‌లో అంగుళం వెల్డింగ్ పెట్టిస్తున్నాం.

కొండవీటి_డాలు: ఇదా అసలు సంగతి! ఆ పిడి లోపల బోలు. అలుగు (కత్తి రేకు) తోక, అంటే పిడిలోకి దిగే కొస, పొట్టిది, లక్క పోసి నిలబెడతారు. లక్క 80 డిగ్రీల దగ్గర కరుగుతుంది. వెల్డింగ్ వేడికి అది మాడిపోతే, తిప్పేటప్పుడు అలుగు ఊడి జనంలో పడుతుంది. దయచేసి ఆ పని చేయకండి.

బెజవాడ_సాము: లక్క తీసేసి రివెట్లు కొట్టిస్తాం.

కొండవీటి_డాలు: పొట్టి తోకకి రంధ్రాలు వేస్తే అక్కడే విరుగుతుంది. తోక పిడి చివరిదాకా ఉండేలా, మొద్దు వాదరతో కొత్తవి చేయించండి.

బెజవాడ_సాము: అంటే వేదిక మీద చేసేది విద్య కాదంటారు.

కొండవీటి_డాలు: విద్యేనండీ. కానీ ఆ పిడి డాలుతో జతగా పుట్టింది. డాలు తీసేసి, పిడిది తప్పంటే ఒప్పుకోను.

పల్నాటి_వాదర: సాము గారూ, ముందు పిడి గట్టిగా పట్టుకుని అలుగుని వేలితో మీటండి. లక్క పగిలితే గలగలమంటుంది.

బెజవాడ_సాము: రెండు కత్తులు గలగలమన్నాయి. పక్కన పెట్టేశాను. పిడి మాత్రం చిన్నదే.