బీఎండబ్ల్యూ ఎఫ్10 520డీకి స్పేసర్లు, కాయిలోవర్లు వేద్దామనుకుంటున్నా, మన శ్రీకాకుళం రోడ్లకి పనికొస్తాదా?

నాగావళి_520
అందరికీ నమస్తే. మాది శ్రీకాకుళం, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర. ఆరు నెలల కిందట హైదరాబాద్ నుంచి సెకండ్ హ్యాండ్ బీఎండబ్ల్యూ 520డీ తెచ్చుకున్నాను, 2013 మోడల్, ఎఫ్10 బాడీ, 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. ఇంజను సూపరు, దాంతో పేచీ లేదు. నా బాధ ఏటంటే వెనక నుంచి చూస్తే చక్రాలు లోపలికి ముడుచుకుపోయి కనబడతాయి, భారీ మనిషి పొట్టి పంచె కట్టినట్టు ఉంటాది. ఇంకోటి, హైవే మీద వంద దాటితే బ్రిడ్జి జాయింట్ల దగ్గర పడవలాగ రెండు మూడు సార్లు ఊగితే గానీ కుదురుకోదు, లేన్ మారితే ఒరిగిపోతున్నట్టు ఉంటాది. అందుకని ముందు 15 ఎంఎం, వెనక 20 ఎంఎం స్పేసర్లు (చక్రాన్ని బయటకి జరిపే బిళ్లలు) వేసి, హైటూ డాంపింగూ (ఊగుడుని ఆపే పట్టు) రెండూ అడ్జస్ట్ చేసుకునే కాయిలోవర్లు (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన సెట్లు) పెట్టి ఓ 35 ఎంఎం కిందకి దించీద్దామని. ట్రాక్ (ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం) పెరిగితే ఊగడం తగ్గుతాది కదా? రోజూ ఆమదాలవలస, వారానికోసారి వైజాగ్, నెలకోసారి పాలకొండ అత్తోరింటికి, ఇదీ నా తిరుగుడు. మన వైపు ఎవరైనా చేయించినోళ్లు ఉంటే చెప్పండి. మా నాన్న అయితే "ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచుకోరా" అని రోజూ ఒకటే గొడవ.

మూడులాంతర్ల_మెకానిక్
తమ్ముడూ, విజయనగరం నుంచి. నువ్వు రెండు వేరే వేరే జబ్బులకి ఒకే మందు అడుగుతున్నావు. చక్రం లోపలికి కనబడడం చూపుకి సంబంధించింది, దానికి స్పేసరో, ఈటీ (రిమ్ము మధ్య గీతకీ బండికి బిగించే ముఖానికీ మధ్య దూరం, ఎంఎంలో) తక్కువున్న వెడల్పు రిమ్మో వేస్తే సరిపోద్ది. ఊగడం మాత్రం డాంపర్ల (షాక్ అబ్జార్బర్ల) పని. నీ కారు ట్రాక్ సుమారు 1600 ఎంఎం, ముందు 15 చొప్పున రెండు పక్కలా వేస్తే పెరిగేది 30, అంటే 2 శాతం కూడా రాదు. మలుపులో లోపలి చక్రం నుంచి బయటి చక్రం మీదకి పోయే బరువు ఆ మేరకే తగ్గుద్ది, సీట్లో కూర్చున్నోడికి తెలీదు. పైపెచ్చు చక్రం బయటకి జరిగితే కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని బండికి కలిపే చెయ్యి) మీద లివర్ పొడుగవుద్ది కాబట్టి అదే స్ప్రింగు కాస్త మెత్తబడ్డట్టే పనిచేస్తది. అరిగిపోయిన డాంపర్ల మీద స్పేసర్ వేస్తే నీ పడవ ఇంకొంచెం ఊగుద్ది తప్ప ఆగదు. హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) బేరింగ్ మీద భారం ఎలాగూ పెరుగుద్ది.

ఇంత బరువు కారుని చేత్తో నొక్కి చూసి డాంపర్ మంచిదో కాదో చెప్పలేం. టైరు మీద అరచెయ్యి పెట్టి ముందుకీ వెనక్కీ రాయి, ఒక వైపు నున్నగా ఇంకో వైపు రంపం పళ్లలాగ తగిలినా, అక్కడక్కడ గుంటలు చేతికి దొరికినా అనుమానించు. డాంపర్ ఒంటికి నూనె చెమట పట్టి దాని మీద దుమ్ము అంటుకుని ఉంటే ఇంక చూడక్కర్లేదు. లక్ష దాటిన కారుకి డాంపర్లు, కంట్రోల్ ఆర్మ్ బుష్‌లు ముందు చూపించి, అప్పుడు ఆలోచించు.

జీడితోట_పలాస
బాబూ, బోల్టుల దగ్గర జాగర్త, నేను మునిగిపోనాను ఒకసారి. ఎఫ్10కి స్టడ్లూ నట్లూ ఉండవు, బోల్టు వచ్చి హబ్‌లోకి దిగుతాది, ఎం14 × 1.25 పిచ్, అంటే 14 ఎంఎం లావు, మరకీ మరకీ మధ్య 1.25 ఎంఎం. 15 ఎంఎం స్పేసర్ వేస్తే బోల్టు కూడా 15 ఎంఎం పొడుగున్నది కావాలి, లేకపోతే మరలు నాలుగు చుట్లే పడతాయి. నేను వెళ్లిన షాపోడు "అన్నీ ఒకటే సార్" అని బెంజి బోల్టులు తీసుకొచ్చీసాడు. వాటి పిచ్ 1.5, పైగా కూర్చునే చోట గోళంలాగ ఉంటాయి, మన బీఎండబ్ల్యూకి కోను ఆకారం కావాలి. నాలుగు చుట్లు తిరిగి బిగుసుకుపోతే పైపు తగిలించి తిప్పడానికి రెడీ అయిపోనాడు, నేను ఆపకపోతే హబ్ మరలు పోయీవి. స్పేసర్ మధ్య కన్నం 72.6 ఎంఎం ఉండాలి, బయటి వైపు రిమ్ము కూర్చోడానికి పెదవి ఉండాలి. పెదవి లేనిది వేస్తే స్పీడులో స్టీరింగు వణుకుతాది, బ్యాలెన్సింగు ఎన్నిసార్లు చేయించినా పోదు. బిగించేది 140 న్యూటన్ మీటర్లకి, టార్క్ రెంచ్‌తో, కాలుతో తొక్కి కాదు. వంద కిలోమీటర్లు తిరిగేక ఇంకోసారి చూసుకో.

కాయిలోవర్ గురించి ఒక మాట, నేను టెక్కలి రోడ్డు మీద నాలుగేళ్లుగా తిరుగుతున్నాను. ఉప్పుగాలి, వర్షం బురద కలిసి కింద మరలు పట్టీసుకుంటాయి, రెండో ఏడు హైటు మారుద్దామని స్పానర్ వేస్తే కదల్లేదు. ఇప్పుడు ప్రతి వర్షాకాలం ముందూ బ్రష్షుతో కడిగి స్ప్రే కొడతాను. 35 దించడం మాత్రం మరిచిపో, మన ఊళ్లలో స్పీడు బ్రేకరుకి రంగుండదు, బోర్డుండదు, ఎక్కడ లేస్తాదో దానికే తెలీదు.

లాయరుగారి_అల్లుడు
టెక్నికల్ నాకు తెలీదు గానీ, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండి మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. సెక్షన్ 182ఎ కింద ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఎవరూ పట్టుకోరులే అంటారు, యాక్సిడెంటు అయ్యాక ఇన్సూరెన్స్ సర్వేయరు వంగి చూసినప్పుడు తెలుస్తుంది. కంపెనీకి చెప్పకుండా వేస్తే క్లెయిమ్ దగ్గర పేచీ ఖాయం.

మూడులాంతర్ల_మెకానిక్
అదీ నిజమే. తమ్ముడూ, స్పేసర్ కొనే ముందు పైసా ఖర్చులేని పని ఒకటి చెయ్యి. కారు సమంగా ఉన్న గచ్చు మీద పెట్టి స్టీరింగు తిన్నగా ఉంచు, ఫెండర్ అంచు నుంచి దారానికి నట్టు కట్టి వేలాడదియ్యి, అది ఊగడం ఆగేక దారానికీ రిమ్ము అంచుకీ మధ్య ఎంతుందో స్కేలుతో కొలువు. నాలుగు చక్రాలకీ. స్పేసర్ కాకుండా రిమ్మే మార్చాలనుకుంటే లెక్క ఇది: నీ 8జే (8 అంగుళాల వెడల్పు) ఈటీ30 బదులు 9జే ఈటీ20 వేస్తే బయటకి 22.7 ఎంఎం వస్తది, లోపలికి 2.7 పోద్ది.

నాగావళి_520
కొలిచాను. ముందు రెండూ 27. వెనక ఎడమ 31, కుడి 24. దారం తప్పేమో అని మూడుసార్లు చేశాను, అంతే వచ్చింది. ఇదేటి మరి?

మూడులాంతర్ల_మెకానిక్
వెనక 7 ఎంఎం తేడానా! అంటే కుడి ఫెండర్ ఎప్పుడో దెబ్బతిని దిద్దించినదై ఉండాలి, లేకపోతే ఆర్మ్ వంగి ఉండాలి. అక్కడ 20 స్పేసర్ వేస్తే మిగిలేది 4, పెళ్లికి వెనక ముగ్గురు ఎక్కితే టైరు ఫెండర్‌ని నాకుద్ది. అలైన్‌మెంట్ చేయించి ముందూ తర్వాతా ప్రింటు రెండూ అడుగు, వెనక క్యాంబర్ (చక్రం నిలువు నుంచి ఎంత వాలిందో) రెండు పక్కలా ఎంతుందో చూద్దాం. కొన్నప్పుడు సర్వీసు హిస్టరీ తీశావా?

నాగావళి_520
ఇంజను హిస్టరీ తీశాను గానీ బాడీ పని అడగలేదు అన్నా. గురువారం వైజాగ్ వెళ్తున్నా, అలైన్‌మెంటు అక్కడే. అన్నట్టు కుడి టైరు మీద చెయ్యి పెట్టి రాస్తే లోపలి అంచు నిజంగానే రంపంలాగ ఉంది. దారం కోసం అమ్మ కుట్టుమిషన్ డబ్బా తెరిచినప్పుడు నాన్న చూసీసారు, ఇంకేటి తిట్లు మొదలవుతాయి అనుకున్నా. ఇప్పుడు ఆయనే గచ్చు మీద బోర్లా పడుకుని కళ్లజోడు సవరించుకుంటూ కుడి చక్రం నాలుగోసారి కొలుస్తున్నారు.