అప్‌డేట్: ఇరుక్కున్న ప్రైమర్ బయటికొచ్చింది

మొన్న వాడేసిన పిస్టల్ తూటాల ఖాళీ తొడుగులను మళ్లీ నింపుతుంటే, ఒక .45 ఏసీపీ కేసులో (తూటా తొడుగులో) ప్రైమర్ (దెబ్బ తగిలితే పేలి లోపలి పౌడర్‌ను, అంటే తూటా మందును, అంటించే చిన్న మూత) సగం దిగి ఆగిపోయింది, ప్రెస్ హ్యాండిల్ గట్టిగా నొక్కాలా అని అడిగాను కదా. వద్దని ఆపినవాళ్లకు దండం. నిజానికి అప్పటికే ఒకసారి నొక్కేశాను, తలచుకుంటే ఇప్పటికీ చెమటలే.

ముందు మిగతా ప్రైమర్లు, పౌడర్ డబ్బా పక్క గదిలో పెట్టాను. కళ్లద్దాలు, చెవులకు మఫ్స్. హ్యాండిల్‌ని మెల్లగా వెనక్కి తీస్తే ప్రైమర్‌ను లోపలికి తోసే పంచ్ కిందికి దిగింది, కేసు పక్కకు జారి వచ్చేసింది. అందులో పౌడర్ లేదు, అదే అదృష్టం. తర్వాత డీక్యాపింగ్ డైలో (కేసులోంచి ప్రైమర్‌ను బయటికి తోసే పనిముట్టు), ముఖం పక్కకు పెట్టి, ఎక్కడా కుదుపు లేకుండా నొక్కుతూ పోయాను. చిన్న 'టిక్', అంతే. ప్రైమర్ అంచు ఒకవైపు నలిగి కోడిగుడ్డు ఆకారంలో ఉంది. దాన్ని మళ్లీ వాడను. నూనెలో ముంచితే చచ్చిపోతుందన్న నమ్మకమూ లేదు కాబట్టి పేలేదిగానే చూస్తున్నాను.

కారణం మాత్రం సిగ్గుచేటు. .45 కేసుల్లో పెద్ద ప్రైమర్‌వి, చిన్న ప్రైమర్‌వి రెండు రకాలూ ఉంటాయి. చిన్న ప్రైమర్ కేసుకుండే 0.175 అంగుళాల గుంటలోకి 0.210 అంగుళాల పెద్ద ప్రైమర్ తోస్తున్నాను! కుప్పలో అలాంటివి ఇంకో పదకొండు దొరికాయి.